'మర్మర్' అను నాంగ్లపదము: దాని యర్థచరిత్రము

ఆంగ్లభాషలోని 'మర్మర్' అను పదము బాలుర వాచకములలోనే కానవచ్చును. సెలయేటి సవ్వడి మర్మరు. ఆకుల గలగల మర్మరు. తేనెటీఁగల ఝంకారము మర్మరు. యజమానుని యాజ్ఞకు లోఁబడి పనిచేయుచునే సేవకుఁడు పెదవుల నడుమ గొణుగుకొనునదియు మర్మరే. మొదటి మూఁడర్థములను మన యుపాధ్యాయులు సులభముగా బోధింతురు. నాలవ దానియొద్ద మాత్రము చిక్కు కలుగును. 'సణుగుట' యని తెలుఁగు చెప్పితిమేని తప్పు సణిగినవానిదిగాఁ దోఁచును. 'మొఱపెట్టుట' యని చెప్పితిమేని తప్పు విననివానిదిగాఁ దోఁచును. కావున నీ పదమునకుఁ బర్యాయము వెదకుట కేవలము నిఘంటుకారుని పని కాదు. ఇద్దఱి నడుమ న్యాయనిర్ణయము కూడ నందిమిడియున్నది. ఆ నిర్ణయమును వివిధకాలములవా రెట్లు చేసిరో తెలియవలెనన్న నీ పదముయొక్క చరిత్రమును మొదటినుండి చూడవలెను.

ఈ పద మాంగ్లేయులకు ఫ్రెంచిభాషనుండి వచ్చినది. ఫ్రెంచివారికి మూలము లాటిను. 14వ శతాబ్ది యుత్తరార్ధమునుండి యిది యాంగ్లగ్రంథములలోఁ గానవచ్చుచున్నది. లాటినులోని 'ముర్ముర్' మన గలగల, గణగణ, గుసగుసలవలె ధ్వన్యనుకరణమువలనఁ బుట్టిన యామ్రేడితము. గ్రీకుభాషలో దీనికిఁ జుట్టమైన క్రియ యొకటి కలదు. హోమరు దానిని నురుఁగులు గ్రక్కుచుఁ బాఱు నదికిని, ఘోషించు సముద్రమునకును వాడెను. సంస్కృతమున 'మర్మర'శబ్ద మున్నది. వస్త్రములయొక్కయుఁ బర్ణములయొక్కయు సవ్వడి దాని యర్థమని యమరసింహుఁడు చెప్పెను. కాళిదాసు కుమారసంభవమున మూఁడవ సర్గమునందు వసంతవనములో రాలు నాకుల సవ్వడికి నీ పదమునే వాడెను. ఈ మూఁడుపదములును నొక్క మూలమునకుఁ జెందినవని భాషాశాస్త్రజ్ఞులు తలఁతురు.

ఇందు గమనింపఁదగిన విషయ మొకటి కలదు. ప్రాచీనభాషలలో నీ పదమునకు 'మెల్లని ధ్వని' యను నియమము లేదు. వర్జిలు తన యేనియిడు కావ్యమున గుహలో బంధింపఁబడిన గాలులు కొండ యదరునట్లు చేయు ఘోషకు 'ముర్ముర్' అనియే చెప్పెను. అసంతృప్తి యను నర్థము దానికి సహజము కాదు. అక్షరములు తెలియని యవ్యక్తధ్వని యన్నంతవఱకే దాని మొదటి యర్థము. ధ్వని తగ్గుటయు, నసంతృప్తి చేరుటయు నటుతరువాతి కథ.

సంస్కృతమున 'మర్మర' కసంతృప్తి యను నర్థ మెన్నఁడును రాలేదు. కాని దానికి సోదరమువంటి 'ముర్ముర'శబ్దమునకు నిఘంటువులు తుషాగ్ని యని, అనఁగా నూఁకనిప్పని యర్థము చెప్పుచున్నవి. ఊఁకనిప్పునకు మంట కానరాదు. పైకిఁ జల్లారినట్లుండును, చేయి పెట్టినఁ గాలును. ఆంగ్లపదము కాలక్రమమునఁ బొందిన యర్థమునకు నింతకంటెఁ జక్కని యుపమానము దొరకదు. దీనిని నేను పోలికగాఁ జెప్పుచున్నానే కాని వ్యుత్పత్తికిఁ బ్రమాణముగాఁ గాదు.

లాటినువారు పెదవుల నడుమ మెల్లఁగాఁ జేయు ప్రార్థనను గూడ 'ముర్ముర్' అనిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దికవి పెర్సియసు తన రెండవ వ్యంగ్యకావ్యమున నిట్టి ప్రార్థనల నెత్తిపొడిచెను. పైకి వినఁబడునట్లు కోరఁదగని కోరికలనే జనులు దేవాలయములలో గొణుగుకొందురని యతని యాక్షేపము. మనకు నుపాంశుజప మిట్టిదే. కాని మన పెద్దలు దానిని శంకింపక పొగడిరి. మనుస్మృతి రెండవయధ్యాయము విధియజ్ఞముకంటె జపయజ్ఞము పదిరెట్లును, నుపాంశుజపము నూఱురెట్లును శ్రేష్ఠమనుచున్నది. పెదవులు కదలుట యొక్కటే, ధ్వనియు నొక్కటే. దేవుని నుద్దేశించినపుడు పుణ్యమైనది, దొర నుద్దేశించినపుడు పాపమైనది. ఆ పాపత్వ మెట్లు వచ్చెనో యిఁక విచారింతము.

దానికి మూలము యూదుల ధర్మగ్రంథము. నిర్గమకాండమున నిశ్రాయేలీయులు ఐగుప్తుదాస్యమునుండి విడివడి యరణ్యమునఁ బడిరి. నీరు చేఁదైనపుడును, ఆహారము లేనపుడును వారు మోషేమీఁద గొణిగిరి. హెబ్రీభాషలో నీ క్రియ 'లూన్' అనునది. గ్రీకు అనువాదకులు దీనికి 'గొంగ్యూజో' యను ధాతువును జేర్చిరి. ఇదియు ధ్వన్యనుకరణమే. 4, 5 శతాబ్దుల సంధికాలమున జెరోము లాటినులోనికి మార్చునపుడు 'ముర్మురారె' యని వాడెను. ఈ యొక్క యనువాదముతో నాకుల సవ్వడికిని, నలల ఘోషకును జెల్లిన పదము దైవధిక్కారమునకుఁ బేరైనది. పశ్చిమ ఐరోపాలో వేయియేండ్లు జనులు వినిన ధర్మగ్రంథ మదియే యగుటచే నా యర్థము పదమునకు విడరానిదైనది.

అయినను నా గ్రంథమునందే తీర్పు లొకతీరుగా లేవు. నిర్గమకాండము 16వ యధ్యాయమున జను లాఁకలిచే గొణిగినపుడు వారికి మన్నా యను నాహారము కురిసినది, శిక్ష లేదు. సంఖ్యాకాండము 14వ యధ్యాయమున వారే శత్రుభయముచే గొణిగినపుడు నలువదియేండ్ల యరణ్యవాసము శిక్షగా విధింపఁబడినది. పదమొక్కటే, ఫలములు రెండు. ఆఁకలిగొన్నవాని గొణుగునకును, మాట యిచ్చి వెనుదీయువాని గొణుగునకును గ్రంథకర్త భేదము చూచినట్లు తోఁచుచున్నది. ఆ భేదమును దెలుపుటకు వేఱుపదము మాత్ర మేర్పడలేదు.

ఆ భేదమును మొట్టమొదట స్పష్టముగాఁ జెప్పినది 6వ శతాబ్దిలో సాధువైన బెనెడిక్టు రచించిన మఠనియమావళి యని నా యభిప్రాయము. అందు సన్యాసులు గొణుగుట పలుచోట్ల నిషేధింపఁబడినది. నోట గొణిగినను, మనసున గొణిగినను దోషమే. ఇంతవఱకుఁ బూర్వుల మాటయే. కాని 41వ ప్రకరణమున భోజనకాలములను నిర్ణయించుచు నతఁడు మఠాధిపతికే యొక విధిని విధించెను. సోదరులు న్యాయమైన గొణుగునకు హేతువు లేకుండఁ బని చేయునట్లు సర్వమును నతఁడు సవరింపవలెను. 'న్యాయమైన' యను నీ విశేషణము చిన్నదైనను గొప్పది. గొణుగులలో న్యాయమైనదియుఁ గలదని, దానికిఁ గారణము లేకుండఁ జేయు భారము పెద్దవానిదని యీ యొక్కమాటతో నేర్పడినది. నిషేధము క్రిందివానికి, బాధ్యత పైవానికి.

ఆంగ్లదేశమున నీ వివేకము చాలకాలము మఱుఁగుపడినది. 1400లోఁ గీర్తిశేషుఁడైన చాసరు తన కాంటర్‌బరీ కథలలోఁ జివరిదైన మతగురువు కథయందు గొణుగుడు నసూయయొక్క శాఖగాఁ జేర్చెను. యజమానులు ధర్మమైన పనులు చెప్పినపుడు సేవకులు బాహాటముగా నెదురాడ ధైర్యము చాలక చాటున గొణుగుకొందురనియు, నట్టి మాటలను జనులు దయ్యపు ప్రార్థన యందురనియు నా గురువు చెప్పును. ఉపాంశుజపము తలక్రిందైనట్లున్నది. దండనభయమువలననే గొంతు తగ్గినదని యా గురువే యొప్పుకొనుచున్నాఁడు. అట్టి భయమును గలిగించినవానిమాట మాత్ర మెత్తఁడు.

స్కాట్లండు దేశమున నిది శాసనమువఱకు వచ్చినది. ఐదవ జేమ్సు పాలనలో 1540లోఁ జేయఁబడిన శాసనమున న్యాయాధిపతులమీఁద 'మర్మరు' చేయుట నేరముగా నిర్ణయింపఁబడినది. ఇచట నా పదమునకు గొణుగుట యని యర్థము చెప్పరాదు. అపవాదు మోపుట యని చెప్పవలెను. మోపినదానిని ఋజువుపఱుపలేనివాఁడే శిక్షార్హుఁడు. అనఁగా ఋజువున్నచో నదియే ఫిర్యాదగును.

ఆ కాలమున నీ పదమునకుఁ బోటీగా మఱియొక పదముండెను. 1380వ దశకమున విక్లిఫు ననుయాయులు లాటినుగ్రంథమునుండి యాంగ్లీకరించునపుడు మూలమున 'ముర్మురారె' యున్నను 'గ్రచ్చ్' అను క్రియను వాడిరి. సామాన్యజనులకుఁ దెలిసిన పద మదియే. 1530లో టిండేలు 'మర్మర్' అనుదానిని వాడెను. 1611 నాఁటి జేమ్సు రాజు కాలపు టనువాదమును దానినే గ్రహించినది. వెనుకఁబడిన 'గ్రచ్చ్' రూపము మాఱి 'గ్రడ్జ్' అయినది. పీటరు మొదటి లేఖ 4వ యధ్యాయమున 1611 నాఁటివారు దానిని గొణుగుట యను నర్థముననే యుంచిరి. తరువాత నా పదము నోటినుండి హృదయములోనికి దిగినది. నేఁడు 'గ్రడ్జ్' అనఁగా లోన దాఁచుకొన్న కక్ష. నోటనున్న ధ్వని మనసునఁ గక్షయగుట యర్థపరిణామముల కొక మంచి యుదాహరణము. పైకిఁ బలుకనీయని మాట యెచటికిఁ బోవునో యీ పదచరిత్రమే చెప్పుచున్నది. అదే 1611లో రాజాస్థానమునఁ బ్రదర్శింపఁబడిన షేక్స్పియరు 'టెంపెస్టు' నాటకమున నేరియలు అను భూతము తాను కక్షయు గొణుగును లేక సేవచేసితినని చెప్పుకొని, మాట యిచ్చిన ప్రకారము తన్ను విడువుమని యజమానుని నడుగును. గొణుగకపోవుట యిచట దాస్యలక్షణముగాఁ గాక, విడుదల నడుగుటకు హక్కుగాఁ జెప్పఁబడినది.

17వ శతాబ్ది రాజకీయములలో నీ పదము మఱల రూపు మార్చుకొన్నది. 1681లో డ్రైడను తన 'అబ్సలోము, అకిటోఫెలు' కావ్యమున యూదులను మిషగాఁ బెట్టి యాంగ్లజాతినే మర్మరించు జాతియని నిందించెను. రాజపక్షపు కవికిఁ బ్రజల యసమ్మతి యట్లు కనఁబడుట సహజము. ఆ శతాబ్ది తుదిభాగమున రాజాస్థానము నెదిరించిన గ్రామీణపక్షమువారికిఁ గొణుగుబోతులని యర్థమిచ్చు 'గ్రంబుల్టోనియను'లను నెగతాళిపేరు వచ్చినది. అంతకుముందు పాపమైనది యపుడొక పక్షమునకుఁ బేరైనది. 1755లో వెలువడిన జాన్సను నిఘంటువు 'మర్మర్' అనుదాని రెండవ యర్థముగా సగ మణఁచిపెట్టిన ఫిర్యాదును, బాహాటముగాఁ బలుకని ఫిర్యాదును జెప్పినది. ఇందుఁ బాపప్రసక్తి లేదు. ఫిర్యాదు ఫిర్యాదే, పలికిన తీరే భేదము. పదమునకు న్యాయముచేసిన నిర్వచన మిది.

ఇఁక ప్రయోగవిషయము. ఒకనిమీఁద నసంతృప్తి చూపునపుడు 'మర్మరు' క్రియ తరువాత 'అగేన్‌స్టు' అను నుపపదము వచ్చును. ఒక విషయమునుగూర్చి యైనచో 'ఎట్' అనునది వచ్చును. 'మర్మరు లేక' యను వ్యతిరేకప్రయోగము మిక్కిలి ప్రసిద్ధము. కష్టమైనదానిని మాఱుమాటాడక యంగీకరించుట దాని యర్థము. సభలలో నామోదమును దెలుపు మర్మరును గలదు. కావున నసంతృప్తి యీ పదమునకు నిత్యధర్మము కాదు, ప్రకరణమువలనఁ దెలియవలసినది. 'మటర్' అనునది యొక్కనిది, మాటలు తెలియనిది. 'మర్మర్' పలువురిది కావచ్చును. 16వ శతాబ్ది చివర వచ్చిన 'గ్రంబుల్' అనుదానియందుఁ జిరాకు హెచ్చు, గౌరవము తక్కువ. 1880వ దశకమున నాంగ్లసైనికుల వాడుకనుండి వచ్చిన 'గ్రౌస్' అనునది నిత్యము సణుగువాని యలవాటు. గోరువంకజాతి పక్షుల గుంపునకు 1486 నాఁటి సెయింటు ఆల్బన్సు గ్రంథమున 'మర్మరేషను' అను పేరున్నది. అచట ధ్వనియే ప్రధానము, దోషము లేదు.

మన భాషలో నీ కుటుంబము చిన్నది కాదు. గొణుగుట, సణుగుట, నసుగుట, గులుగుట, గుసగుసలాడుట, గుజగుజలు పోవుట యను వానిలో దేనిమర్యాద దానిదే. గొణుగుట ధ్వనిప్రధానము, వినువాని కక్షరములు తెలియవు. సణుగుట భావప్రధానము, విసుగును, నెడతెగమియు నందుండును. నసుగుట సంశయము. గుసగుస రహస్యము. గుజగుజ పలువురి నడుమఁ బుట్టిన యలజడి. వీనిలో సణుగుట యొక్కటియే పలికినవానిని దప్పుపట్టును.

మన క్రైస్తవధర్మగ్రంథమునఁ బ్రచారములోనున్న యాంధ్రానువాదము 'సణుగు' ధాతువునే యంతటను గ్రహించినది. నిర్గమకాండమున నిది యొప్పియున్నది. యోహాను సువార్త 7వ యధ్యాయమున మాత్రము జనసమూహములలో యేసునుగూర్చి కలిగిన దానినిఁ గూడ 'సణుగు' అనియే చెప్పిరి. అచటఁ గొందఱు మంచివాఁడనిరి, కొందఱు కాదనిరి, భయముచే నెవఁడును బహిరంగముగాఁ బలుకలేదు. మంచివాఁడనుట సణుగుట యెట్లగును? మూలమున గ్రీకుపద మొక్కటియే యగుటచే ననువాదకు లిట్లుచేసిరి. 'గుసగుస' యనియో 'గుజగుజ' యనియో చెప్పినచో భావము నిలిచియుండును. అపొస్తలుల కార్యములు 6వ యధ్యాయమునఁ గ్రీకుభాష మాటాడు యూదులు తమ విధవరాండ్రను దినదిన పరిచర్యలో నుపేక్షించుచున్నారని సణిగిరి. పెద్దలు వారిని గద్దింపలేదు. ఏడ్గురు మనుష్యుల నేర్పఱచి యా పని యప్పగించిరి. ఆ యేడ్గురి పేళ్లును గ్రీకు పేళ్లే. బెనెడిక్టు చెప్పిన న్యాయమైన గొణుగునకు నంతకు నైదువందలయేండ్ల ముందే యిది నిదర్శనము. ఇట్టిచోట 'మొఱపెట్టిరి' యన్నఁ దప్పేమి?

పదమును దప్పుగా గ్రహించుటవలనఁ జరిత్రలోఁ గలుగు నష్టమునకు మన మదరాసురాజధానియే సాక్ష్యము. 1805, 1806 సంవత్సరములలో సిపాయిలు నుదుట మతచిహ్నములు ధరింపరాదనియు, గడ్డములు గీయించుకొనవలెననియు, తోలుబిళ్లగల క్రొత్తతలపాగ పెట్టుకొనవలెననియు నాజ్ఞలు వెలువడినవి. ఆ సైన్యమునఁ దెలుఁగువారును నుండిరి. వేలూరునఁ గొందఱు 1806 మే మాసముననే తమ యయిష్టమును దెలిపిరి. అధికారులు దానిని వినక యవిధేయతగా నెంచి శిక్షించిరి. ఒక సిపాయి ముందుగాఁ జేసిన హెచ్చరికయుఁ ద్రోసిపుచ్చఁబడినది. జూలై 10వ తేదీ తెల్లవాఱక మునుపే తిరుగుఁబాటు రేఁగినది. ఆనాఁడే ఆర్కాటునుండి వచ్చిన సేన దాని నణఁచినది. ఇరుపక్షములను బ్రాణనష్టము ఘోరము. అటుపిమ్మట నా యాజ్ఞలు రద్దయ్యెను. గవర్నరు విలియము బెంటింకును, సేనాధిపతి జాన్ క్రాడకును వెనుకకుఁ బిలువఁబడిరి. ఆజ్ఞలు జూలైలో రద్దుచేయఁదగినవే యైనచో మేలోనే యేల రద్దుకాలేదు? మే మాసపు ధ్వనిని సణుగని తలఁచిరి కాని ఫిర్యాదని తలఁపలేదు. ఊఁకనిప్పును జూచి చల్లారినదనుకొనిరి.

ఇటీవలి యాంగ్లానువాదములు ధర్మగ్రంథమున నీ పదమును విడుచుచున్నవి. నిర్గమకాండము 16వ యధ్యాయమున 1978 నాఁటి యొక యనువాదము 'గ్రంబుల్' అనియు, 1989 నాఁటి మఱియొకటి ఫిర్యాదు చేసిరను నర్థమిచ్చు 'కంప్లెయిన్' అనియు వ్రాసినవి. విక్లిఫునుండి నేఁటివఱకు నొకే వాక్యమునకు నాలుగు క్రియలు మాఱినవి. ఇశ్రాయేలీయులు మాఱలేదు, అరణ్యము మాఱలేదు. వారి నోటిధ్వనికిఁ బేరు పెట్టువాఁడు మాఱెను.

ఈ పదమునకు నిందాగంధము లేని స్థాన మొకటి మిగిలియున్నది, అది వైద్యశాస్త్రము. 1816లోఁ బారిసునగరమున లయెన్నెకు వక్షశ్శ్రవణయంత్రమును గనుగొనిన పిదప హృదయమున వినవచ్చు నధికధ్వనిని నాంగ్లవైద్యులు 'మర్మర్' అనిరి. వారు దానిని గద్దింపరు, చెవియొగ్గి విందురు. కొన్ని మర్మరములు వ్యాధిసూచకములు, కొన్ని నిరపాయములు. ఏది యేదియో వినకమున్ను నిర్ణయింపరాదని వారి శాస్త్రము.

పాఠశాలలలో నీ పదమును బోధించు పండితులకు నాదొక విన్నపము. ధ్వనిమాత్రమైనచో సవ్వడి యనియో, మర్మరధ్వని యనియో చెప్పుఁడు. పలువురి రహస్యభాషణమైనచో గుజగుజ యని చెప్పుఁడు. విసుగు ప్రధానమైనచో సణుగుట యనుఁడు. భయముచే గొంతు తగ్గిన ఫిర్యాదైనచో నణఁచిన మొఱ యనుఁడు. ఈ నాలుగింటిలో దేనిని గ్రహింపవలెనో నిఘంటువు చెప్పదు. ఎవఁ డెవనియెదుట నేల గొణిగెనో చూచి మనమే తెలిసికొనవలెను. పర్యాయపదమును వ్రాయుటకు ముందు గొణిగినవాని మాట పూర్తిగా వినవలెను.